శస్త్రచికిత్స తరువాత ఒళ్ళు చల్లబడడం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేపథ్యంలో అల్పోష్ణస్థితి – ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఉక్కపోతకు పేరుపడిన కోస్తా ప్రాంతంలో శస్త్రచికిత్స చేయించుకున్న రోగి చలితో వణకడం బంధువులకు వింతగానూ భయంగానూ ఉంటుంది. ఈ చలికి ప్రధాన కారణం ఊరి వాతావరణం కాదు. మత్తుమందు శరీరపు ఉష్ణ నియంత్రణను సడలించడం, చల్లని ఆపరేషన్ గదిలో శరీరం వేడిని కోల్పోవడం దీనికి మూలం. శరీర అంతర్భాగ ఉష్ణోగ్రత 36 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిన ఈ స్థితి స్వల్పమైనదిగా కనిపించినా, రక్తస్రావం, పుండుకు చీము పట్టడం, గుండెపై భారం వంటి ఫలితాలకు దారితీయగలదు. ఈ స్థితి ఎలా ఏర్పడుతుంది, ఎలా గుర్తించాలి, రోగిని సురక్షితంగా ఎలా వేడెక్కించాలి అన్న విషయాలను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పరిస్థితులకు అన్వయించి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. జ్వరం లేదని తేల్చుకోవడానికే ఉష్ణోగ్రత చూసే అలవాటు ఈ స్థితిని కప్పిపుచ్చుతుందనీ, చేతి స్పర్శకు, వేడినీళ్ళ సీసాకు బదులు కొలతకు, నియంత్రిత వేడికి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శస్త్రచికిత్స, మత్తుమందు, అల్పోష్ణస్థితి, వణుకు, ఉష్ణోగ్రత, ఉత్తరాంధ్ర, ఉద్దానం.

1. ప్రవేశిక

రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న తొలివిడతగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అనంతపురం, మహబూబ్‌నగర్ మిగిలిన రెండు. 2002లో నెల్లిమర్లలో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ, 2008లో శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల, 2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు పెద్ద ఆపరేషన్ అంటే విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి దారి పట్టవలసివచ్చిన కుటుంబాలకు శస్త్రచికిత్స ఇప్పుడు కొంత చేరువైంది.

శస్త్రచికిత్స గురించి రోగులకు చెప్పే మాటల్లో కోత, కుట్లు, పథ్యం, ఖర్చు ప్రధానంగా ఉంటాయి. ఆపరేషన్ ముగిసి రోగి కోలుకునే గదిలో గడిపే మొదటి రెండు మూడు గంటల గురించి చెప్పేది తక్కువ. మత్తు దిగే ఈ వేళలో ఊపిరి, రక్తపోటు, నొప్పి, మూత్రం – వీటితో సమానంగా గమనించవలసిన అంశం శరీర ఉష్ణోగ్రత. దాన్ని పట్టించుకోకపోవడం వల్ల కలిగే నష్టం వెంటనే కంటికి కనబడదు. కొద్ది రోజుల తరువాత మానని పుండుగానో, అదనంగా ఎక్కించవలసి వచ్చిన రక్తంగానో అది బయటపడుతుంది. అందువల్లనే దీనికి ప్రత్యేక వివరణ అవసరం.

2. మాట, హద్దు

తెలుగు వ్యవహారంలో శరీరపు వేడికి సంబంధించిన మాటలు జ్వరం చుట్టూ అల్లుకున్నాయి. 'ఒళ్ళు వెచ్చగా ఉంది' అంటే స్వల్పంగా జ్వరం ఉందని అర్థం. 'ఒళ్ళు కాలిపోతోంది' అంటే జ్వరం తీవ్రమైందని అర్థం. దీనికి ఎదురుగా 'ఒళ్ళు చల్లబడింది' అన్న మాట మాత్రం చిన్న అనారోగ్యాన్ని సూచించదు. ప్రాణం పోతున్నదనో, పోయిందనో చెప్పడానికి వాడే మాట అది. అంటే వేడి పెరగడానికి తెలుగులో మెట్లు ఉన్నాయి గాని, వేడి తగ్గడానికి మెట్లు లేవు. ఆరోగ్యానికీ మరణానికీ నడుమ ఉండే స్వల్ప చల్లదనానికి వాడుకలో పేరు లేదు.

పేరు లేకపోవడం వల్ల రెండు చిక్కులు వస్తాయి. కోలుకునే గది బయట నిలుచున్న తల్లికి 'మీ అబ్బాయి ఒళ్ళు కొంచెం చల్లబడిందమ్మా' అని సిబ్బంది చెబితే ఆమె గుండె ఆగినంత పనవుతుంది. అలా భయపెట్టడం ఇష్టంలేక ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, ఈ స్థితి గురించి కుటుంబానికి తెలిసే అవకాశమే ఉండదు. 'మత్తు వల్ల ఒంట్లో వేడి ఒకటి రెండు డిగ్రీలు తగ్గిందమ్మా, వేడెక్కిస్తున్నాం' అన్న వివరణ ఈ రెండింటికీ మేలైనది. శాస్త్రవ్యవహారంలో దీనిని అల్పోష్ణస్థితి అనవచ్చు.

ఆరోగ్యవంతుని అంతర్భాగ ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. శస్త్రచికిత్సకు సంబంధించి 36 డిగ్రీల కంటే తగ్గితే అల్పోష్ణస్థితిగా పరిగణిస్తారు. 34 నుంచి 36 డిగ్రీల మధ్య ఉన్నది స్వల్పస్థాయి. వార్డుల్లోనూ ఇళ్ళలోనూ ఫారెన్‌హీట్ లెక్క వాడుకలో ఉన్నందున ఆ అంకెలనూ గుర్తుంచుకోవడం మంచిది. 37 డిగ్రీల సెల్సియస్ 98.6 ఫారెన్‌హీట్‌కు సమానం. 36 డిగ్రీలు 96.8కి, 35 డిగ్రీలు 95కి, 34 డిగ్రీలు 93.2కి సమానం. 'నూట రెండు జ్వరం' అనగానే ఉలిక్కిపడే చెవికి 'తొంభై అయిదు' అన్న అంకె ఏ హెచ్చరికనూ ఇవ్వదు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

3. మత్తులో వేడి ఎటు పోతుంది?

3.1 లోపలి వేడి, అంచుల వేడి

శరీరంలో వేడి అంతటా ఒకేలా ఉండదు. మెదడు, గుండె, కాలేయం వంటి అవయవాలున్న అంతర్భాగం 37 డిగ్రీల వద్ద నిలకడగా ఉంటుంది. చేతులు, కాళ్ళు, చర్మం దానికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటాయి. చలి తగలగానే మెదడులోని హైపోథాలమస్ చర్మపు రక్తనాళాలను సంకోచింపజేసి, లోపలి వేడి అంచులకు పోకుండా అడ్డుకుంటుంది. అదీ చాలకపోతే కండరాలను వణికించి కొత్త వేడిని పుట్టిస్తుంది. మెలకువలో ఈ కాపలా ఎంత గట్టిదంటే, ఉష్ణోగ్రత అరడిగ్రీ కూడా మారకముందే స్పందన మొదలవుతుంది.

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు ఈ కాపలా సడలుతుంది. శరీరం స్పందించకుండా ఊరుకునే హద్దు రెండు నుంచి నాలుగు డిగ్రీల దాకా విస్తరిస్తుంది. రక్తనాళాలు వ్యాకోచించి, లోపలి వెచ్చని రక్తం చల్లని అంచులకు ప్రవహిస్తుంది. దీనివల్ల మొదటి గంటలోనే అంతర్భాగ ఉష్ణోగ్రత ఒకటి నుంచి ఒకటిన్నర డిగ్రీల వరకు పడిపోతుంది. ఈ దశలో శరీరం మొత్తంగా కోల్పోయిన వేడి తక్కువే. లోపలి వేడి అంచులకు పంపకమైందంతే. తరువాతి రెండు మూడు గంటల్లో తగ్గుదల నెమ్మదిగా సాగుతుంది. శరీరం పుట్టించే వేడికంటే చల్లని గాలికి, తెరిచిన పొట్ట నుంచి ఆవిరికి, శుభ్రం చేసే ద్రవాలకు పోయే వేడి ఎక్కువ కావడమే అందుకు కారణం. ఆపైన రక్తనాళాలు మళ్ళీ బిగుసుకుని తగ్గుదల ఒకచోట నిలుస్తుంది.

మొదటి గంటలో జరిగేది పంపకం కనుక, మత్తు ఇచ్చాక కప్పే దుప్పటి ఆ తగ్గుదలను ఆపలేదు. మత్తుకు ముందే అంచులను వేడెక్కిస్తే లోపలి నుంచి పోవలసిన వేడి తగ్గుతుంది. ఆపరేషన్‌కు ముందు అరగంట పాటు రోగిని వేడిచేయాలన్న సూచన వెనుక ఉన్న తర్కం ఇదే.

3.2 వెన్నులో మత్తు

సిజేరియన్, హెర్నియా, మోకాలు, తుంటి, ప్రోస్టేట్ శస్త్రచికిత్సల్లో వెన్నులో ఇచ్చే మత్తు విరివిగా వాడుకలో ఉంది. మెలకువగా ఉన్నాడు కనుక రోగికి చలి వేస్తే తానే చెబుతాడన్న భావన సహజం. అది పొరపాటు. మత్తెక్కిన భాగంలో రక్తనాళాలు బిగుసుకోవు, కండరాలు వణకవు. పైగా ఆ భాగం నుంచి వచ్చే సంకేతాలు మారడం వల్ల అది వెచ్చగా ఉన్నట్టుగా మెదడు భావిస్తుంది. కనుక రోగి ఉష్ణోగ్రత తగ్గుతున్నా 'బాగానే ఉంది' అని చెప్పగలడు. 'చలేస్తోందా అమ్మా?' అన్న ప్రశ్న ఆప్యాయమైనదే గాని, థర్మామీటర్‌కు ప్రత్యామ్నాయం కాదు.

3.3 బక్కపలుచని శరీరం, చల్లని సెలైన్

ఒక చిన్న లెక్క పరిశీలించవచ్చు. ఒక కిలో శరీర కణజాలాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 0.83 కిలోక్యాలరీలు కావాలి. 70 కిలోల మనిషికి ఇది 58 కిలోక్యాలరీలు, 45 కిలోల మనిషికి 37 కిలోక్యాలరీలు. 20 డిగ్రీల చల్లని గదిలో ఉంచిన ఒక లీటరు సెలైన్‌ను శరీరపు వేడికి తేవడానికి 17 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. అంటే ఆ ఒక్క లీటరు 70 కిలోల మనిషి సగటు ఉష్ణోగ్రతను 0.3 డిగ్రీల లోపు తగ్గిస్తే, 45 కిలోల మనిషిలో 0.45 డిగ్రీలు తగ్గిస్తుంది. రెండు లీటర్లు ఎక్కితే సుమారు 0.9 డిగ్రీ. ఫ్రిజ్ నుంచి తీసిన రక్తం ఇంకా చల్లనిది. పొలం పనిలోనో, జీడితోటలోనో ఒళ్ళు అరగదీసుకున్న బక్కపలుచని వృద్ధురాలికి పాఠ్యపుస్తకంలోని 70 కిలోల మనిషి లెక్క వర్తించదు. వయసు మీరిన వారిలో రక్తనాళాల సంకోచం, వణుకు రెండూ బలహీనంగా ఉంటాయి కనుక వారు వణకకుండానే చల్లబడతారు.

4. స్వల్పమైన చలి, స్వల్పం కాని ఫలితం

ఒకటి రెండు డిగ్రీల తేడా వల్ల ఏమవుతుందన్న సందేహానికి 1990లలో జరిగిన పరిశోధనలు స్పష్టమైన సమాధానం ఇచ్చాయి. పెద్దపేగు శస్త్రచికిత్స జరిగిన 200 మంది రోగులపై ఆండ్రియా కుర్జ్, డేనియల్ సెస్లర్, రైనర్ లెన్‌హార్ట్ చేసిన అధ్యయనం 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. వెచ్చగా ఉంచిన వర్గంలో సగటు ఉష్ణోగ్రత 36.6 డిగ్రీలు, రెండవ వర్గంలో 34.7 డిగ్రీలు. పుండుకు ఇన్ఫెక్షన్ సోకినవారు మొదటి వర్గంలో 6 శాతం కాగా, రెండవ వర్గంలో 19 శాతం. ఆసుపత్రిలో ఉండవలసిన కాలం 12.1 రోజుల నుంచి 14.7 రోజులకు పెరిగింది. చర్మపు రక్తనాళాలు బిగుసుకుని పుండుకు చేరే ఆక్సిజన్ తగ్గడం, రోగనిరోధక కణాల చురుకు మందగించడం దీనికి కారణాలు.

తుంటి కీలు మార్పిడి జరిగిన 60 మందిపై అదే ఏడాది లాన్సెట్‌లో వెలువడిన అధ్యయనంలో, చల్లబడిన వారికి 2.2 లీటర్లు, వెచ్చగా ఉన్నవారికి 1.7 లీటర్లు రక్తం పోయింది. చలిలో ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టించే ఎంజైములు మందకొడిగా పనిచేస్తాయి. గుండెజబ్బు ప్రమాదం ఉన్న 300 మందిపై స్టీవెన్ ఫ్రాంక్ బృందం 1997లో ప్రకటించిన అధ్యయనంలో తీవ్రమైన హృదయ సమస్యలు వెచ్చని వర్గంలో 1.4 శాతం, చల్లని వర్గంలో 6.3 శాతం. చలిలో మత్తుమందులు శరీరం నుంచి తొలగిపోవడం ఆలస్యమై రోగి తేరుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది.

ఈ ఆధారాలకు ఒక సవరణ కూడా అవసరం. 2022లో లాన్సెట్‌లో వెలువడిన ప్రొటెక్ట్ అధ్యయనం చైనాలోనూ అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లోనూ 5,000 మందికి పైగా రోగులను పరిశీలించింది. శస్త్రచికిత్సలో 37 డిగ్రీల వద్ద ఉంచిన వారికీ, 35.5 డిగ్రీల వద్ద ఉంచిన వారికీ తీవ్ర సమస్యలలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. 9.9 శాతం, 9.6 శాతం – ఇవి ఆ రెండు వర్గాల ఫలితాలు. దీన్నిబట్టి రోగిని ఎలాగైనా 37 డిగ్రీలకు చేర్చాలన్న ఆరాటం అనవసరమని తెలుస్తుంది. అయితే ఈ అధ్యయనం 34.7 డిగ్రీల చలిని నిర్దోషిగా తేల్చలేదు. కొలవకుండా వదిలేసిన రోగి 35.5 వద్ద ఆగాడా, 34.5కు జారాడా అన్నది ఎవరికీ తెలియదు. కనుక ఖరీదైన ఏర్పాట్లు లేనిచోట ఈ ఫలితం ఊరటనిస్తూనే, కొలత అవసరాన్ని మరింత బలపరుస్తుంది.

5. గుర్తించడం: 'జ్వరం లేదు' అన్న మాటలోని లోపం

రోగి కేసుషీటులో ఉష్ణోగ్రత గడి సాధారణంగా ఒకే ప్రశ్నకు జవాబు చెబుతుంది: జ్వరం ఉందా, లేదా? లేదంటే 'ఎఫెబ్రైల్' అని రాస్తారు. 37 డిగ్రీల రోగికీ 34.8 డిగ్రీల రోగికీ ఈ మాట సమానంగా సరిపోతుంది. రెండవ రోగి ప్రమాదం అంకెగా నమోదు కాకుండా, శుభవార్తగా నమోదవుతుంది. కాబట్టి మాటకు బదులు అంకె రాయడమన్నదే, పైసా ఖర్చులేని మొదటి సంస్కరణ.

అంకె ఎలా తీసుకోవాలన్నదీ ముఖ్యమే. పాత గాజు జ్వరమాపకంలో గీతలు 35 డిగ్రీల వద్ద, ఫారెన్‌హీట్‌లో 94 వద్ద మొదలవుతాయి. అంతకంటే చల్లబడిన రోగి ఉష్ణోగ్రతను అది చూపలేదు. పైగా సరిగా విదిలించకపోతే వెనుకటి రోగి అంకెనే చూపుతుంది. 2020 తరువాత ప్రతిచోటా కనిపిస్తున్న, నుదుటికి ఎదురుగా పట్టుకునే పరికరం చర్మపు వేడిని చదువుతుంది. ఏసీ గాలి తగిలిన చర్మం మీద, చెమట మీద దాని అంకెను నమ్మి నిర్ణయం తీసుకోవడం సరికాదు. తక్కువ ఉష్ణోగ్రతను కూడా చూపగల డిజిటల్ థర్మామీటర్‌ను, మెలకువ వచ్చిన రోగికి నాలుక కింద సరిగా ఉంచితే కోలుకునే గదికి తగిన విశ్వసనీయత లభిస్తుంది. పూర్తి మత్తులో ఉన్నప్పుడు ముక్కు లోపలినుంచి గాని అన్నవాహికలోనుంచి గాని తీసే కొలత మేలైనది.

వణుకును కూడా థర్మామీటర్‌తో కలిపి చదవాలి. సీతంపేట, పార్వతీపురం వంటి ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చిన రోగి వణికితే చలిజ్వరమన్న అనుమానం వెంటనే కలుగుతుంది. ఆపరేషన్ ముగిసిన గంటలోపు వణుకుతూ ఉష్ణోగ్రత 36 కంటే తక్కువగా ఉంటే అల్పోష్ణస్థితి కావడానికే అవకాశం ఎక్కువ. వణుకుతో పాటు ఉష్ణోగ్రత పెరుగుతూ పోతే మలేరియా, ఇన్ఫెక్షన్, ఎక్కుతున్న రక్తం సరిపడకపోవడం – వీటిని ఆలోచించాలి. రక్తం ఎక్కుతుండగా వణుకు మొదలైతే ముందు రక్తాన్ని ఆపి, తరువాత కారణం వెతకాలి. జ్వరం రాబోయే ముందు వచ్చే వణుకులో తొలి అంకె మామూలుగానే ఉండవచ్చు కనుక పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి.

6. తిరిగి వేడెక్కించే మార్గాలు

6.1 ఎందుకు ఆలస్యమవుతుంది?

35 డిగ్రీలకు చల్లబడిన 45 కిలోల వృద్ధురాలిని 36.5 డిగ్రీలకు చేర్చడానికి 56 కిలోక్యాలరీలు కావాలి. విశ్రాంతిలో ఆమె శరీరం గంటకు పుట్టించేది సుమారు 45 కిలోక్యాలరీలు. అందులో ఏమాత్రం బయటకు పోకపోయినా గంటంబావు పడుతుంది. వాస్తవంలో చాలా భాగం బయటకు పోతూనే ఉంటుంది. అందుకే వదిలేసిన రోగి మామూలు స్థితికి రావడానికి రెండు నుంచి ఐదు గంటలు పడుతుంది. మత్తు దిగాక చర్మపు రక్తనాళాలు బిగుసుకోవడం వల్ల పైన పెట్టిన వేడి లోపలికి వెంటనే చేరదు. చర్మం వెచ్చబడినంత మాత్రాన అంతర్భాగం వెచ్చబడిందని భావించరాదు.

6.2 దుప్పటి

ఒక దుప్పటి వేడి నష్టాన్ని దాదాపు 30 శాతం తగ్గిస్తుంది. దానికీ చర్మానికీ మధ్య నిలిచిన గాలి పొరే అందుకు కారణం. రెండవ, మూడవ దుప్పటి వల్ల కలిగే అదనపు లాభం స్వల్పం. తడిసిన గుడ్డలు తీసి, ఒళ్ళు తుడిచి, పొడి దుప్పటి కప్పి, తలకు గుడ్డ చుట్టడం ఏ ఆసుపత్రిలోనైనా సాధ్యమైన పని. దుప్పటి ఎంత శరీరాన్ని కప్పిందన్నది అది ఎంత మందమైనదన్న దానికంటే ముఖ్యం. అయితే దుప్పటి వేడిని దాచగలదే గాని ఇవ్వలేదు.

6.3 వేడిగాలి దుప్పటి

రోగికి వేడిని ఇచ్చే సాధనాల్లో వేడిగాలి దుప్పటి ప్రధానమైనది. యంత్రం నుంచి గొట్టం ద్వారా వచ్చే వెచ్చని గాలి, సన్నని రంధ్రాలున్న కాగితపు దుప్పటిలో పరుచుకుని చర్మం మీదికి వస్తుంది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2008లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, కోలుకునే గదిలో ప్రతి 15 నిమిషాలకు ఉష్ణోగ్రత చూడాలి. 36 కంటే తక్కువ ఉంటే వేడిగాలితో వేడెక్కించాలి. 36 చేరేదాకా రోగిని వార్డుకు పంపరాదు. 500 మిల్లీలీటర్లు గాని అంతకు మించి గాని ఎక్కించే ద్రవాలను 37 డిగ్రీలకు వేడిచేయాలి. రోగి ఒళ్ళు తెరిచి ఉన్నంతసేపు ఆపరేషన్ గది కనీసం 21 డిగ్రీలు ఉండాలి. సెలైన్‌ను వేడిచేయడం వల్ల మరింత చల్లబడకుండా ఆపవచ్చు గాని, దానితోనే రోగిని వేడెక్కించడం సాధ్యపడదు. శరీరపు వేడికి మించి వేడిచేసిన ద్రవాన్ని నరంలోకి ఎక్కించలేము కదా.

కాగితపు దుప్పటి అయిపోయిందని గొట్టాన్ని నేరుగా పక్కదుప్పటి కిందికి పెట్టడం ప్రమాదకరం. గాలి ఒకేచోట తగిలి చర్మం కాలుతుంది.

6.4 వేడినీళ్ళ సీసా

రోగి కాళ్ళు చల్లగా ఉన్నాయని బంధువులు వేడినీళ్ళు నింపిన సీసానో రబ్బరు సంచినో పాదాల దగ్గర పెట్టడం అందరికీ తెలిసిన ఆనవాయితీ. ప్రేమతో చేసే ఈ పని శస్త్రచికిత్స తరువాత హానికరం కావచ్చు. వెన్నులో మత్తు దిగని కాలికి వేడి తెలియదు. కాలుతున్నా రోగి కాలు తీయలేడు, చెప్పలేడు. బిగుసుకున్న రక్తనాళాల వల్ల అక్కడి వేడిని రక్తం మోసుకుపోలేదు కనుక చర్మం త్వరగా దెబ్బతింటుంది. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. వేడిచేసిన సెలైన్ సీసాలను రోగి పక్కన పెట్టడమూ ఇలాంటిదే. అమెరికాలో మత్తుకు సంబంధించిన పరిహార దావాలను విశ్లేషించి 1994లో ప్రకటించిన పరిశీలనలో, వేడెక్కించే సాధనాల వల్ల కలిగిన కాలిన గాయాల్లో ఎక్కువ భాగానికి ఇలా వేడిచేసిన సంచులు, సీసాలే కారణమని తేలింది. పైగా పాదాల దగ్గరి చిన్న సీసా ఇచ్చే వేడి అంతర్భాగానికి లెక్కలోకి రానిది. ప్రమాదం పెద్దది, ప్రయోజనం శూన్యప్రాయం.

బాలింత మంచం దగ్గర నిప్పుల కుంపటి పెట్టే పాత ఆచారం గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కాన్పు తరువాత తల్లికి వెచ్చదనం కావాలన్న పెద్దల గ్రహింపు సరైనదే. సిజేరియన్ జరిగిన తల్లికి అది మరింత నిజం. ఆ గ్రహింపును ఎగతాళి చేయనవసరం లేదు. సాధనాన్ని మార్చితే చాలు. మూసిన గదిలో కుంపటి విషవాయువును వదులుతుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ దగ్గర నిప్పు అసలే కూడదు. బిడ్డను తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచి, ఇద్దరికీ కలిపి పొడి దుప్పటి కప్పడం ఆ ఆచారపు ఉద్దేశాన్ని క్షేమంగా నెరవేరుస్తుంది. ముందుగా తల్లి ఉష్ణోగ్రత చూసుకోవాలి. చల్లబడిన తల్లి బిడ్డకు వేడి ఇవ్వలేదు.

6.5 వేడెక్కే వేళ జాగ్రత్త

రోగి వేడెక్కుతున్నకొద్దీ బిగుసుకున్న రక్తనాళాలు తెరుచుకుంటాయి. అంతదాకా నిలకడగా కనిపించిన రక్తపోటు అప్పుడు తగ్గవచ్చు. శస్త్రచికిత్సలో పోయిన రక్తానికి తగిన ద్రవాలు అందలేదన్న సంగతి ఆ వేళలోనే బయటపడుతుంది. కనుక వేడిచేస్తున్నంతసేపు రక్తపోటు, నాడి చూస్తూ ఉండాలి. 36.5 డిగ్రీలకు చేరాక వేడిగాలి ఆపి దుప్పటి మాత్రం ఉంచితే సరిపోతుంది.

7. వణుకుకు మందు, ఉద్దానం రోగి

వణుకు శరీరపు ఆక్సిజన్ అవసరాన్ని బాగా పెంచుతుంది. కుట్లను లాగి నొప్పిని ఎక్కువచేస్తుంది. గుండెజబ్బు ఉన్నవారికి అది భారమవుతుంది. వేడెక్కిస్తూనే వణుకును తగ్గించడానికి మత్తువైద్యులు పెథిడిన్ 25 మిల్లీగ్రాములు నరంలోకి ఇవ్వడం చిరకాలంగా ఉన్న పద్ధతి. ట్రామడాల్ కూడా వాడుకలో ఉంది. మందు వణుకును ఆపుతుంది గాని వేడిని ఇవ్వదు. మందిచ్చి దుప్పటి మరచిపోతే, వేడిని పుట్టించే చివరి మార్గాన్నీ మూసినట్టవుతుంది.

శ్రీకాకుళం జిల్లాలో దీనికి మరొక కోణం ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. పెథిడిన్ శరీరంలో నార్‌పెథిడిన్‌గా మారి మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది. అవి పనిచేయనప్పుడు అది పేరుకుని మూర్ఛలకు దారితీయగలదు. ట్రామడాల్ విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. ఉద్దానం నుంచి వచ్చిన రోగికి వణుకు మందు ఇచ్చేముందు క్రియాటినిన్ అంకె చూడడం తప్పనిసరి. మందు తగ్గించవలసివచ్చే ఇలాంటి రోగికి వేడిగాలి దుప్పటి ఇతరులకంటే ఎక్కువ అవసరం. మూత్రం తక్కువ వచ్చేవారికి లీటర్లకొద్దీ సెలైన్ ఎక్కించలేము కనుక, 6.5లో చెప్పిన రక్తపోటు తగ్గుదలను ముందే ఊహించి నెమ్మదిగా వేడెక్కించాలి.

8. కరెంటు లేనప్పుడు, దారిలో ఉన్నప్పుడు

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫానులు ఉత్తరాంధ్ర విద్యుత్ వ్యవస్థను కుప్పకూల్చాయి. జనరేటర్ మీద నడిచే ఆసుపత్రిలో వెంటిలేటర్, లైట్ల తరువాతే వేడిగాలి యంత్రానికి వంతు వస్తుంది. అలాంటి వేళ తడి గుడ్డలు తీసివేయడం, తలకు చుట్టడం, ఒళ్ళంతా కప్పడం, ఆపరేషన్ గదిలో రోగి ఒళ్ళు కప్పేదాకా ఏసీ ఆపడం – ఇవే ప్రధాన సాధనాలవుతాయి.

శస్త్రచికిత్స తరువాత పెద్ద ఆసుపత్రికి తరలించవలసిన రోగి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం దాకా వంద కిలోమీటర్లకు పైగా సాగే అంబులెన్స్ ప్రయాణంలో ఏసీ గాలి నేరుగా రోగి మీదికి రాకుండా చూడాలి. బయలుదేరేముందు, చేరిన వెంటనే ఉష్ణోగ్రతను కాగితం మీద రాయాలి. రక్తస్రావంతో తరలిస్తున్న రోగి చల్లబడితే రక్తం గడ్డకట్టడం మరింత మందగిస్తుంది. ఆపరేషన్‌కు ముందు పరగడుపున, పలుచని గౌనులో వరండా బల్ల మీద వేచి ఉండే రోగికి ఒక దుప్పటి ఇవ్వడం వీటన్నిటికంటే సులువైన పని. ధనుర్మాసపు తెల్లవారుజామున మన్యం గ్రామం నుంచి ఆటోలో వచ్చిన రోగి అసలే చల్లబడిన చేతులు కాళ్ళతో ఆపరేషన్ గదిలోకి అడుగుపెడతాడన్నది గుర్తుంచుకోవాలి.

9. ముగింపు

పై వివరణ నుంచి ఈ క్రింది అంశాలను గ్రహించవచ్చు.

1. శస్త్రచికిత్స తరువాతి అల్పోష్ణస్థితి మత్తు వల్ల, చల్లని పరిసరాల వల్ల కలుగుతుంది. ఊరు వేడిగా ఉండడం దీనికి రక్ష కాదు.

2. వృద్ధులు, బక్కపలుచనివారు, వెన్నులో మత్తు తీసుకున్నవారు వణకకుండానే, చలి అని చెప్పకుండానే చల్లబడవచ్చు. కనుక వణుకు కోసం వేచి ఉండరాదు.

3. 'జ్వరం లేదు' అని రాయడానికి బదులు అంకెను రాయాలి. 36 డిగ్రీలు, అంటే 96.8 ఫారెన్‌హీట్ చేరేదాకా రోగిని కోలుకునే గదిలోనే ఉంచాలి.

4. పొడి దుప్పటి వేడిని కాపాడుతుంది, వేడిగాలి దుప్పటి వేడిని ఇస్తుంది. వేడినీళ్ళ సీసా మొద్దుబారిన కాలును కాల్చగలదు.

5. మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి వణుకు మందు కంటే వేడెక్కించడమే ముందువరుసలో ఉండాలి.

వీటిలో చాలావాటికి యంత్రం అవసరం లేదు. ఒక డిజిటల్ థర్మామీటర్, పొడి దుప్పటి, కేసుషీటులో ఒక అంకె చాలు. 'కాళ్ళు చల్లగా ఉన్నాయి, సీసా పెట్టనా?' అని అడిగే పెద్దమ్మకు 'వద్దమ్మా, దుప్పటి నిండా కప్పి ఉంచు, పావుగంటకోసారి మేం చూస్తాం' అని సిబ్బంది ఓపికగా చెప్పగలిగిన రోజున, 'ఒళ్ళు చల్లబడడం' అన్న మాట భయాన్ని విడిచి, సరిదిద్దదగిన ఒక స్థితికి పేరుగా తెలుగువారి వాడుకలోకి వస్తుంది.